పగలబడి నవ్వితే ఇంగ్లీషులో ఏమంటారు? 'గఫా' నోటికి పట్టే పద్ధతి

దిల్‌సుఖ్‌నగర్‌లో నా సాయంత్రం బ్యాచ్‌కి వచ్చేవాళ్లు మొదటి పదిహేను రోజుల్లో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, గట్టిగా నవ్వడానికి ఇంగ్లీషులో ఒక్క మాట ఏమైనా ఉందా?" ఉంది. గఫా. బోర్డు మీద రాస్తాను, అందరూ నోట్సులోకి దించుకుంటారు. వారం తర్వాత అడిగితే సగం మంది నోరు తెరవరు. ధైర్యం చేసి తెరిచినవాడు "గుఫా" అంటాడు. గుఫా అంటే హిందీలో గుహ! పాత విద్యార్థులు అర్ధరాత్రి వాట్సాప్‌లో అడిగేదీ ఇదే: "మేడం, ఆ నవ్వు మాట ఇంకోసారి చెప్పరా?" చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

బట్టీ పట్టిన మాట ఎందుకు నిలవదో పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. నవ్వుల విషయంలో మన దగ్గర సరుకు దండిగా ఉంది. కిలకిల, పకపక, ఫక్కున, కిసుక్కున, ముసిముసి, గొల్లున, పగలబడి, విరగబడి... ఏ నవ్వుకు ఏ మాట వాడాలో మీకు ఎవరూ నేర్పలేదు, చూసి చూసి వచ్చేసింది. గఫాను కూడా అలాగే ఒక నవ్వుకు కట్టేయాలి. డిక్షనరీలో ఎదురుగా రాసి ఉన్న అర్థానికి కడితే జారిపోతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

• ఒక నోట్‌బుక్. ఫోన్‌లో నోట్స్ యాప్ వద్దు. స్పెల్లింగ్ చేత్తో రాస్తేనే చేతికి గుర్తుంటుంది. ఫోనేమో రెండో అక్షరానికే మిగతాది తనే పూర్తిచేసి పెడుతుంది.

• ఆడియో వినిపించే డిక్షనరీ. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ రెండూ ఆన్‌లైన్‌లో ఉచితమే. మాట పక్కన చిన్న స్పీకర్ బొమ్మ నొక్కితే బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినిపిస్తాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డిక్షనరీలు దొరుకుతాయి, కొనుక్కుంటే మంచిదే. కానీ కాగితం పలకదు కదా, ఈ పనికి అది ఒక్కటే చాలదు.

• మీరు కళ్లారా చూసిన ఒక నవ్వు. ఇది లేకుండా మొదలుపెట్టకండి.

• రోజుకు పది నిమిషాలు, వారం పాటు. ఆ తర్వాత నెలలో రెండుసార్లు, రెండేసి నిమిషాలు.

• వీలైతే ఒక ఫ్రెండ్. లేకపోతే అద్దం.

1. ముందు నవ్వును పట్టుకోండి

పుస్తకం తెరవకముందే కళ్లు మూసుకుని, మీకు తెలిసినవాళ్లలో పగలబడి నవ్వే మనిషిని ఒకరిని గుర్తు చేసుకోండి. బాబాయి కావచ్చు, హాస్టల్ రూమ్మేట్ కావచ్చు, మీ వాచ్‌మన్ కావచ్చు.

నాకైతే ఒక ఇరానీ హోటల్ గుర్తొస్తుంది. పక్క టేబుల్ దగ్గర నలుగురు రిటైరైన పెద్దమనుషులు. ఒకాయన తన అల్లుడు స్కూటర్ నేర్చుకున్న వైనం చెబుతున్నాడు. ఎదురుగా కూర్చున్న భారీ మనిషి సాసర్‌లో చాయ్ పోసుకుని నోటి దాకా తెచ్చాడు. కథలో స్కూటర్ కూరగాయల బండిలోకి దూసుకుపోయింది. అంతే, ఆయన భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి, 'హా' అని ఒక పేలుడు, సాసర్ వణికి చాయ్ అంతా ఉస్మానియా బిస్కెట్ల మీద. కౌంటర్‌లో డబ్బులు లెక్కపెడుతున్న సేఠ్ కూడా తలెత్తి చూశాడు. అదీ గఫా అంటే.

మీరు ఎంచుకున్న నవ్వులో మూడు లక్షణాలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఉన్నట్టుండి రావాలి. పక్క టేబుల్‌కి వినిపించాలి. నవ్వేవాడు ఆపుకోలేకపోవాలి, లేదా ఆపుకోవాలన్న ఆలోచనే వాడికి ఉండకూడదు. మూడింటిలో ఒకటి లేకపోయినా వేరే నవ్వును వెతుక్కోండి. ఆ మనిషి పేరు, చోటు, దేనికి నవ్వాడు, ఈ మూడూ నోట్‌బుక్‌లో మొదటి లైన్‌లో తెలుగులోనే రాయండి.

జాగ్రత్త: ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు ఈ మాటకు 'అట్టహాసము' అనే అర్థం ఇస్తాయి. తప్పని అనను, కానీ ఇవాళ మన వాడుకలో అట్టహాసం అంటే ఆర్భాటం. "పెళ్లి అట్టహాసంగా చేశారు" అంటాం. నా దగ్గర ఒకమ్మాయి ఈ అర్థాన్నే నమ్ముకుని, అక్క పెళ్లి గురించి రాస్తూ 'ఎ గఫా వెడ్డింగ్' అని రాసింది. ఇక వికటాట్టహాసం అంటే రాక్షసుడి నవ్వు, పౌరాణిక నాటకాల్లో వినిపించేది. గఫాలో ఆ విషం ఉండదు. కాబట్టి అర్థం రాయాల్సి వస్తే 'పగలబడి నవ్వు' అని రాసుకోండి, సరిపోతుంది.

2. చెవితో వినండి, నోటితో అనండి. స్పెల్లింగ్ చూడొద్దు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ముందు స్పెల్లింగ్ చూస్తే, అందులోని 'యు' చూసి 'గు' అనేస్తారు, చివర 'డబ్ల్యు' చూసి 'గఫావ్' అంటారు. ఒకసారి నోటికి పట్టిన తప్పును వదిలించుకోవడం కొత్త మాట నేర్చుకోవడం కన్నా కష్టం. అందుకే స్పీకర్ బొమ్మ నొక్కి, ఫోన్ బోర్లా పెట్టి, ఐదుసార్లు ఊరికే వినండి. ఆరోసారి నుంచి మీరూ అనండి.

మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క 'గ'. దాన్ని ఒత్తి పలకకూడదు, సగం మింగేయాలి. రెండో ముక్క 'ఫా'. బరువంతా దాని మీదే వేసి సాగదీయాలి. తెలుగులో మనం మాటలోని అక్షరాలన్నిటినీ సమానంగా పలుకుతాం, అందుకే అలవాటు మీద 'గఫ్‌-ఫా' అని రెంటికీ ఒకే బరువు ఇస్తాం. ఇంగ్లీషు చెవికి అది వేరే మాటలా వినిపిస్తుంది.

'ఫా'లో ఉన్న అచ్చు మన 'ఆ' కాదు. 'లా కాలేజీ' అంటారు చూడండి, ఆ 'లా'ని ఇంగ్లీషువాళ్లు పెదవులు గుండ్రంగా చుట్టి పలుకుతారు. అదే అచ్చు. లా, సా, జా, ఫా అని వరుసగా అనుకుంటూ పోండి, పెదవులు గుండ్రంగానే ఉంచండి. 'ఫ' కూడా 'ఫలం'లోది కాదు, 'ఫ్యాన్'లోది. పై పళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ఇందుకే. పళ్లు కనిపించకపోతే మీరు 'గఫా' బదులు 'గప్-హా' అంటున్నారని అర్థం.

భూతకాలంలో గఫాడ్. గఫావెడ్ కాదు, గఫ్ఫ్‌డ్ అసలే కాదు. జరుగుతున్న పనికి గఫా-ఇంగ్, మధ్యలో 'వ' చొరబడకుండా చూసుకోండి.

మెట్రోలో వెళ్లేవాళ్లకు ఒక చిట్కా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి అమీర్‌పేట్‌లో దిగేలోపు పదమూడు స్టేషన్లు వస్తాయి. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఒక్కసారి పెదవులు కదిపితే చాలు. గట్టిగా అనకండి. మా కుర్రాడొకడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తనకే వినపడక "గఫా, గఫా" అని అరిచేశాడట. నాంపల్లి నుంచి ఖైరతాబాద్ దాకా పక్క సీటు ఖాళీగానే ఉందని వాడే చెప్పాడు.

3. ఇప్పుడు స్పెల్లింగ్

జి, యు, ఎఫ్, ఎఫ్, ఎ, డబ్ల్యు. మొత్తం ఆరు అక్షరాలు.

తప్పులు జరిగే చోట్లు రెండే. ఒకటి, ఎఫ్ రెండుసార్లు రావాలి. మామూలు నవ్వుకు వాడే 'లాఫ్'లో ఎఫ్ శబ్దం ఉన్నా ఎఫ్ అక్షరం ఉండదు, జి-హెచ్ ఉంటాయి. దాన్ని చూసి గఫాలోనూ జి-హెచ్ పెట్టేవాళ్లున్నారు. ఇక్కడ ఆ తిప్పలేమీ లేదు, రెండు ఎఫ్‌లు పక్కపక్కన వస్తాయి. రెండు, చివర ఎ-డబ్ల్యు. దవడను ఇంగ్లీషులో 'జా' అంటారు, దాని చివరా ఈ రెండక్షరాలే. పగలబడి నవ్వేవాడి దవడ ఎంత కిందికి జారుతుందో తలుచుకోండి, ఇక మరిచిపోరు.

చూడకుండా మూడుసార్లు రాసి, అప్పుడు సరిచూసుకోండి. చూసి ముప్పైసార్లు రాసినా లాభం లేదు.

4. గుర్తుకు ఒక కొక్కెం

మాట గుర్తు రావాలంటే దాని శబ్దానికి దగ్గరగా మనకు తెలిసిన మాట ఇంకోటి కావాలి. చాలామంది 'గుఫా'నే పట్టుకుంటారు: గుహలో నవ్వితే ప్రతిధ్వని వస్తుంది, కాబట్టి గుఫా అంటే పెద్ద నవ్వు. బొమ్మ బాగానే ఉంది. చిక్కల్లా, అది మీ నోట్లో 'గు'ని శాశ్వతంగా పాతేస్తుంది. ఇంటర్వ్యూలో టెన్షన్ పడ్డప్పుడు నోటికి వచ్చేది ఆ గుహే.

దీనికన్నా మంచిది మన దగ్గరే ఉంది: గప్పాలు. "వాడి గప్పాలు వినకురా" అంటాం కదా, కోతలు కొయ్యడం. గప్పాలో మొదటి అక్షరం 'గ'నే, గఫాలోనూ అదే. రెండో అక్షరంలో 'ప్పా' తీసి 'ఫా' పెడితే పని అయిపోయింది. అర్థం కూడా దగ్గర్లోనే ఉంది. ఒకడు గప్పా కొడతాడు, వినేవాడు గఫా అంటాడు. ఇరానీ హోటల్ టేబుల్‌కి ఆ చివర గప్పా, ఈ చివర గఫా. ఈ బొమ్మలో మీరు మొదటి మెట్టులో ఎంచుకున్న మనిషిని కూర్చోబెట్టండి. కథ చెప్పేవాడు ఎవరైనా ఫరవాలేదు, నవ్వేవాడు మాత్రం మీవాడే అయివుండాలి.

గప్పాలు అనే మాట అలవాటు లేనివాళ్లు వేరే కొక్కెం వెతుక్కోండి. ఒక్కటే నియమం: మీ కొక్కెం 'గ'తో మొదలవ్వాలి, 'గు'తో కాదు.

అసలు ఈ మాట పుట్టింది కూడా నవ్వు చప్పుడులోంచే. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ వాడుక నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మన పకపక లాంటిదే అన్నమాట. పకపక ఏ ధాతువు నుంచి వచ్చిందని మనం అడుగుతామా?

5. వాక్యంలో పెట్టడం

ఇది నామవాచకంగానూ క్రియగానూ పనిచేస్తుంది. మూడు వాక్య నమూనాలు నేర్చుకుంటే చాలు.

మొదటిది: "హీ లెట్ ఔట్ ఎ గఫా." ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. మాట్లాడేటప్పుడు అందరికన్నా సహజంగా వినిపించేది ఇదే.

రెండోది: "షీ గఫాడ్ ఎట్ ద జోక్." జోక్ విని పగలబడి నవ్వింది. 'ఎట్' మరవకండి. 'షీ గఫాడ్ ద జోక్' అనకూడదు, 'హీ గఫాడ్ మీ' అస్సలు అనకూడదు. మనకు 'నన్ను చూసి నవ్వాడు' అనే వాక్యం మనసులో ఉంటుంది, అందులోంచి 'నన్ను' ఊడిపడి 'మీ' అవుతుంది.

మూడోది కథలు రాసేవాళ్లకు. పాత్ర నవ్వుతూ మాట అంటే, కొటేషన్ ముగించి 'హీ సెడ్' బదులు 'హీ గఫాడ్' అని పెట్టొచ్చు. ఒక కథలో ఒక్కసారి వాడితే అందం. ప్రతి పేజీలో వాడితే చదివేవాడికి తలనొప్పి.

'హీ లాఫ్డ్ ఎ గఫా' అని రాయకండి, నవ్వును నవ్వాడన్నట్టుంటుంది. 'లౌడ్ గఫా' అని ఇంగ్లీషువాళ్లూ రాస్తారు గానీ, గఫాలోనే లౌడ్ ఉంది కాబట్టి నేను కొట్టేస్తాను. 'స్వీట్ గఫా' అని రాస్తే మాత్రం మార్కులు కోస్తాను. పసిపాప బోసినవ్వుకు, పెళ్లికూతురి సిగ్గునవ్వుకు ఈ మాట పెట్టారంటే ఒకటో మెట్టు సరిగా చేయలేదన్నమాట.

ఇప్పుడు నా కథ ఒకటి చెప్పాలి. టీచింగ్‌లోకి రాకముందు మాదాపూర్‌లో ఒక కంపెనీలో విదేశీ కస్టమర్లతో పనిచేసేదాన్ని. కాల్‌లో అవతలి మేనేజర్ ఒకావిడ మా టీమ్ జోక్‌కి బాగా నవ్వింది. కొత్తగా నేర్చుకున్న మాట కదా, చేతులు ఊరుకోలేదు. థ్యాంక్స్ మెయిల్‌లో 'ఇట్ వాజ్ నైస్ టు హియర్ యూ గఫా' అని రాసి పంపాను. జవాబు రెండు రోజుల తర్వాత వచ్చింది, ఒకే ఒక్క లైన్. మా లీడ్ పక్కకు పిలిచి, "నువ్వు ఆవిడతో 'మీరు పగలబడి నవ్వారండీ, ముచ్చటేసింది' అన్నావు, తెలుసా?" అన్నాడు. తెలుగులోకి మార్చి చెప్పాక గానీ నాకు వెలగలేదు. పెద్దవాళ్ల నవ్వును వాళ్ల మొహం మీదే అలా వర్ణించం కదా. గఫా తిట్టు కాదు, కానీ కాస్త మోటు మాట. మన నాట్యశాస్త్రం కూడా హాసాన్ని ఆరు రకాలు చేసి, స్మితం, హసితం ఉత్తములకిచ్చి, మధ్య రెండూ మధ్యములకు పంచి, అపహసితం, అతిహసితం అధముల ఖాతాలో వేసింది. పెద్ద నవ్వంటే ఎక్కడైనా పెద్దమనుషులకు చిన్నచూపే. కాబట్టి బాస్‌కీ, క్లయింట్‌కీ, కాబోయే మామగారికీ రాసేటప్పుడు 'లాఫ్డ్ హార్టిలీ' అనండి. ఫ్రెండ్స్ గురించి, కథలో పాత్రల గురించి, మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు గఫా నిశ్చింతగా వాడండి.

ఇప్పుడు నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయండి. మూడూ మీరు చూసిన నవ్వుల మీదే ఉండాలి. డిక్షనరీలో వాక్యం దించుకుంటే లెక్కలోకి రాదు.

6. తోబుట్టువుల పక్కన నిలబెట్టండి

ఒక్క మాటే నేర్చుకుంటే ప్రతి నవ్వూ గఫానే అయిపోతుంది. అందుకని మరికొన్నింటిని పక్కన పెట్టి తేడా చూడాలి. వీటిని ఇప్పుడే కంఠస్థం చేయనక్కర్లేదు, గుర్తుపట్టగలిగితే చాలు.

గిగిల్ అంటే కిలకిల, కిచకిచ. క్లాసులో వెనక బెంచీ అమ్మాయిలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది. చకిల్ తనలో తాను నవ్వుకోవడం, బస్సులో ఫోన్ చూస్తూ ముసిముసిగా నవ్వేవాళ్లందరూ చేసేది. స్నికర్ కిసుక్కుమనడం, ఎవడో జారిపడితే వెనకనుంచి వచ్చేది, అందులో కొంచెం ఎగతాళి ఉంటుంది. టిటర్ అంటే సభలో పైకి నవ్వలేక అణిచిపెట్టుకున్న నవ్వు, బెరుకు కలిసినది. క్యాకిల్ అసలు కోడిపెట్ట అరుపు. మనుషులకు వాడితే కీచుగా, వినడానికి ఇబ్బందిగా ఉండే నవ్వు. మంత్రగత్తె నవ్వుకు ఇదే వాడతారు.

చార్టిల్ కథ సరదాగా ఉంటుంది. చకిల్‌నీ స్నార్ట్‌నీ, అంటే ముసినవ్వునీ గురకలాంటి ముక్కుచప్పుడునీ కలిపి, 1871లో ఒక ఇంగ్లీషు రచయిత పిల్లల పుస్తకం కోసం కల్పించిన మాట అది. కల్పించిన మాటే డిక్షనరీకెక్కి కూర్చుంది.

గఫాకి బాగా దగ్గర చుట్టం రోర్. తేడా ఏమిటంటే గఫా ఒక్క పేలుడు, రోర్ కాసేపు సాగుతుంది, గుంపు మొత్తానికి కూడా వాడొచ్చు. హాలంతా గొల్లుమంటే 'ది ఆడియన్స్ రోర్డ్' అంటే బాగుంటుంది. పార్కుల్లో పొద్దున్నే లాఫింగ్ క్లబ్ వాళ్లు చేతులెత్తి హా హా హా అంటారు కదా, దాన్ని గఫా అనొచ్చా అని ఒకాయన అడిగాడు. నేనైతే అనను. అది లెక్కపెట్టి నవ్వే నవ్వు, గఫా చెప్పి రాదు.

ఇంకొక జాగ్రత్త. 'గ్యాఫ్' అని వేరే మాటుంది. నలుగురిలో నోరుజారడం, పరువు పోయే పొరపాటు. స్పెల్లింగ్‌లో కాస్త పోలిక ఉండటంతో రెంటినీ కలిపేస్తారు. నేను మెయిల్‌లో చేసింది గ్యాఫ్. అది విని మా లీడ్ చేసింది గఫా.

7. మళ్లీ మళ్లీ తీయండి, మళ్లీ మళ్లీ చదవకండి

నోట్‌బుక్ తెరిచి మాటను చూసి "ఆ, తెలుసు" అనుకోవడం రివిజన్ కాదు. ఒక చీటీ మీద ఒకవైపు మీ మనిషి పేరు, 'చాయ్ ఒలికింది' లాంటి గుర్తు తెలుగులో రాయండి. రెండోవైపు గఫా. ఎప్పుడూ తెలుగు వైపు చూసి ఇంగ్లీషు మాట బయటికి తీయాలి. అటునుంచి ఇటు సులువే, ఎవరైనా చెప్తారు.

తీయాల్సిన రోజులు: నేర్చుకున్న రాత్రి, రెండో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత పదిహేను, ముప్పై. ఏ రోజైనా గుర్తు రాకపోతే సిగ్గుపడక్కర్లేదు, మళ్లీ రెండో రోజు నుంచి లెక్క మొదలుపెట్టండి. పన్నెండు మాటలు ఒకేసారి ఎత్తుకోకండి. రోజుకు రెండు చాలు. అమీర్‌పేట్ గోడల మీద 'నెలలో వేల మాటలు' అని కనిపిస్తే చదువుకుని ముందుకెళ్లండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుగు పరీక్షలున్నాయి. ఏడో రోజున పెట్టుకోండి.

ఫోన్ పరీక్ష. వాయిస్ టైపింగ్‌ని ఇంగ్లీషులో పెట్టి "హీ లెట్ ఔట్ ఎ లౌడ్ గఫా" అని మామూలు వేగంతో చెప్పండి. 'లౌడ్' పైన కొట్టేశాను, నిజమే, కానీ ఇక్కడ ఫోన్‌కి సాయంగా ఉంటుంది. గఫా ఒక్కటే అంటే ఫోన్ తికమకపడుతుంది, వాక్యం మొత్తం చెప్పాలి. స్క్రీన్ మీద 'గో ఫర్' అనో 'గ్యాఫర్' అనో పడితే రెండో మెట్టుకి వెళ్లండి. ఐదింటిలో మూడుసార్లు సరిగ్గా పడితే పాసైనట్టే. ఫోన్ కూడా అప్పుడప్పుడు తప్పు వింటుంది, దాన్నే దేవుడనుకోకండి.

చేతి పరీక్ష. ఫ్రెండ్‌ని మాట పలకమని, మీరు కాగితం మీద రాయండి. రెండు ఎఫ్‌లు, చివర ఎ-డబ్ల్యు.

ఎంపిక పరీక్ష. ఫ్రెండ్ మీకు ఐదు నవ్వులు తెలుగులో చెప్పాలి: ముసిముసిగా నవ్వాడు, కిసుక్కుమంది, హాలంతా గొల్లుమంది, పగలబడి నవ్వాడు, పిల్లలు కిలకిలా నవ్వారు. మీరు గఫా ఒక్కచోటే చెప్పాలి. రెండుచోట్ల చెప్పారంటే ఆరో మెట్టు ఇంకోసారి చదవాలి.

నాలుగోది అన్నిటికన్నా గట్టిది, ముందే చెప్పి పెట్టుకునేది కాదు. ఎక్కడో ఎవరో పగలబడి నవ్వుతారు, మీరు వెతక్కుండానే ఆ మాట మనసులో తట్టాలి. నెలలోపు ఒక్కసారైనా తట్టలేదంటే మీ మొదటి మెట్టులో నవ్వు బలహీనమైనదని అర్థం. మనిషిని మార్చండి.

జీఆర్ఈ రాసేవాళ్లకు

విదేశాల్లో పైచదువుల కోసం జీఆర్ఈ పరీక్ష రాసేవాళ్లు ఇంకో మాట కూడా అడుగుతారు: కాకినేట్. పాత వర్డ్ లిస్టుల్లో కనిపించి భయపెడుతుంది. అర్థం ఇదే, పగలబడి నవ్వడం, కాకపోతే క్రియ మాత్రమే. నామవాచకం కాకినేషన్. లాటిన్ నుంచి వచ్చింది. సంస్కృతంలో నవ్వడానికి 'కఖ్' అని ఒక ధాతువుంది, రెండూ నవ్వు చప్పుడును పట్టుకున్న మాటలే.

దీనికి కొక్కెం మనం వెతుక్కోనక్కర్లేదు, ఆర్టీసీ బస్సు బోర్డు మీదే ఉంది: కాకినాడ. కాకినాడ బావ వచ్చి కాకినేట్ చేశాడు అనుకోండి. పలికేటప్పుడు బరువు మొదటి ముక్క మీద వెయ్యాలి, ఆ 'కా' కూడా కాకిలోది కాదు, 'క్యాట్'లో ఉన్న 'క్యా'కి దగ్గర. స్పెల్లింగ్‌లో సి-ఎ తర్వాత సి-హెచ్ ఉంటాయి, వాటిని 'చ' అనకండి, 'క'నే. ఎన్ రెండుసార్లు.

ఒకటి మాత్రం ముందే చెప్తాను. జీఆర్ఈలో 2011 నుంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు లేవు. ఇప్పుడు ఆరు మాటలిచ్చి వాక్యానికి ఒకే అర్థం వచ్చే రెండింటిని ఎంచుకోమంటారు, లేదా ఖాళీలు పూరించమంటారు. ఇలాంటి చోట మాట అర్థం ఒక్కటే తెలిస్తే సరిపోదు, దాని రంగు తెలియాలి. అది గ్యాఫ్, గఫాల తేడా, స్నికర్, చకిల్‌ల తేడా తెలిసినవాళ్లకు వస్తుంది. కాకినేట్ ఎదురైతే గుర్తుపట్టండి, అంతవరకే. మాటల్లో వాడారంటే ఎదుటివాళ్లు అర్థం అడుగుతారు, మీరు చెప్పేలోపు జోక్ చల్లారిపోతుంది.